కాలని చెయ్యి

మా అత్త నన్ను మెచ్చుకున్నది ఒకే ఒక్క విషయానికి. పొయ్యి మీద కుతకుతమనే అన్నం సట్టిని నేను మసిగుడ్డ పట్టుకోకుండా వట్టి చేతుల్తో దించేదాన్ని. నాట్లకొచ్చిన ఆడవాళ్ళు గంజి కోసం పంచలో కూర్చుంటే వాళ్ళను పిలిచి మరీ చూపించేది.

"చూడండి మే మా కోడల్ని. గుడ్డ గిడ్డ ఏమీ అక్కర్లా. చెయ్యంటే అదీ చెయ్యి!"

మా వైపు అదొక గొప్ప. వేడి సట్టిని చేత్తో దించే ఆడది పనిమంతురాలు. గుడ్డ కోసం వెతుక్కునేది సుకుమారి, దాని తల్లి దానికి పని నేర్పలేదని లెక్క. పెళ్ళయి దొరవారిసత్రం దగ్గర ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకు చేతులు భగ్గుమనేవి. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, అయినా పంతం కొద్దీ గుడ్డ అడిగేదాన్ని కాదు. నా కూతురు పెంచల పుట్టిన తర్వాత, ఎప్పటి నుంచో సరిగ్గా చెప్పలేను, కుడిచెయ్యి కాలడం మానేసింది. అలవాటు పడిందనుకున్నాను. మా అత్త మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను.

అది జబ్బని మా ఇద్దరికే కాదు, ఊళ్ళో ఎవరికీ తోచలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇది చదివే ఆడవాళ్ళలో ఎవరికైనా చెయ్యి కాలడం మానేసి ఉంటే మురిసిపోవద్దు. వెంటనే వెళ్ళి ఆసుపత్రిలో చూపించుకోండి.

యాభై తొమ్మిదిలో, కోతలు అయిపోయి కొత్త బియ్యం ఇంటికొచ్చిన రోజుల్లో సంగతి బయటపడింది. పెంచలకప్పుడు మూడేళ్ళు. అన్నం అప్పుడే వార్చి, పప్పు వేసి, నెయ్యి వేసి, చేత్తో బాగా పిసికి ముద్ద చేసి దాని నోట్లో పెట్టాను. పిల్ల కెవ్వుమంది. ముద్ద ఉమ్మేసి, నాలుక బయట పెట్టి, ఊపిరి పట్టేలాగా ఏడ్చింది.

మా అత్త పరిగెత్తుకొచ్చింది. "పిల్ల నోరు కాల్చినావు కదే! నీ చేత్తోనే కలిపినావే, అంత కాల్తా ఉంటే నీకు తెలియలా?"

నాకు తెలియలేదు. ఆ మాట నోటితో అనడానికి భయమేసింది. పిల్లను ఆమెకిచ్చి, అదే అన్నంలో ఎడమచెయ్యి పెట్టాను. చురుక్కుమని లాగేసుకున్నాను. కుడిచెయ్యి పెట్టాను. ఏమీ లేదు. చల్లటి మట్టిలో పెట్టినట్టు ఉంది. చెయ్యి తిప్పి చూసుకుంటే చిటికెన వేలి పక్కన బొబ్బ చితికి ఉంది. అది ఎప్పుడు లేచిందో, ఎప్పుడు చితికిందో తెలియదు. మోచేతి కింద ఎప్పటినుంచో తెల్లగా ఒక మచ్చ ఉండేది, శోభి అనుకునేదాన్ని. దాని మీద గిల్లుకుని చూశాను. గిల్లింది ఎవరి చేతినో అనిపించింది.

మా అత్త ఆ మచ్చ వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది, పిల్లను చంకనేసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "పెద్దరోగం" అని, అంటే కుష్ఠు అని, ఆమె నోటితో అనలేదు. అనాల్సిన పని కూడా లేకపోయింది.

ఆ సాయంత్రమే నా కంచం, నా చెంబు వేరయ్యాయి. పడక గొడ్లపాక పక్కనున్న కొట్టంలోకి మారింది. వీటిని నేను భరించాను. కానీ పెంచలను నా దగ్గరికి రానివ్వద్దని, దానికి నేను ముద్ద కలిపి పెట్టకూడదని అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. వద్దన్న మాటలో కొంత న్యాయం ఉందని నాకూ తెలుసు, పిల్లకు అంటుకుంటుందేమోనని వాళ్ళకంటే నేనే ఎక్కువ భయపడ్డాను. అయితే అది ఎన్నాళ్ళు? ఎవరూ చెప్పలేదు. ఇంక ఎప్పటికీ అన్నట్టే మాట్లాడారు. నేను బతికుండగానే నన్ను ఆ పిల్లకు తల్లి కాకుండా చేస్తున్నారు. ఆ రోజు నుంచి నాకు కావలసింది ఒక్కటే అయింది. నా పొయ్యి దగ్గర కూర్చుని, నా చేత్తో కలిపి, నా బిడ్డకు ముద్ద పెట్టాలి.

ఊరికి చెప్పకూడదని దాచారు కానీ సలహాలు మాత్రం బండ్లకొద్దీ వచ్చాయి. మా ఆయన పిన్నమ్మ వచ్చి నాగదోషమంది, పుట్టలో పాలు పొయ్యమంది. ఇంకొకామె వంకాయ మానెయ్యమంది, చేపలు మానెయ్యమంది, గోంగూర వైపు చూడొద్దంది. ఎవరో నాయుడుపేట నుంచి ఒక నూనె తెచ్చారు. దాని కంపుకు గొడ్లు కూడా తల తిప్పుకునేవి. సముద్రంలో మునిగితే పోతుందన్నారు ఒకరు, నీళ్ళు తగలనివ్వొద్దన్నారు ఇంకొకరు. నేను మునగాలా, ఎండాలా?

మా చిన్నమామ, అంటే మా మామగారి తమ్ముడు, అందరికంటే తెలివైనవాడు. పంచలో మంచం మీద కూర్చుని, నాకు వినబడేలాగే మా ఆయనతో అన్నాడు.

"ఊరంతా తెలియకముందే పుట్టింటికి పంపించెయ్ అబ్బయ్యా. నీకేం వయసు మించిపోయిందా? ఇంకో సంబంధం చూద్దాం."

కొట్టంలో నుంచి బయటికొచ్చి అడిగాను. "మామా, ఈ జబ్బు నీకెప్పుడన్నా వచ్చిందా?"

"శివశివా! అవేం మాటలే!" అని చెంపలు వేసుకున్నాడు.

"రాలేదు గదా. మరి దీని సంగతి నీకేం తెలుసని చెప్తా ఉండావు?"

కోడలు పంచలోకొచ్చి ఎదురు మాట్లాడిందని ఆ ఇంట్లో పెద్ద రభస అయింది. అయితే అయింది. ఆ తర్వాత సలహా చెప్పడానికి వచ్చిన ప్రతి మనిషినీ అదే అడిగాను. నీకొచ్చిందా? అందరూ చెంపలు వేసుకున్నవాళ్ళే. మెల్లగా రావడం మానేశారు. ఆ ప్రశ్న నాకు చేసిన మేలు ఏ నూనే చెయ్యలేదు.

ఆయన మెత్తటి మనిషి. ఎవరు చివర్లో మాట్లాడితే వాళ్ళ మాట నిజమనుకునే రకం. అందుకని ఒక తెల్లవారుజామున, చివరి మాట నేనే మాట్లాడాను. "నన్ను నెల్లూరుకు తీసుకుపో." ఆయన ఎదురు చెప్పకుండా తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పాసింజరు బండిలో నా కుడిచేతి మీద పైట కప్పుకుని కూర్చున్నాను. గూడూరు దాటాక ఆయన మరమరాలు కొని పొట్లం నా ఒళ్ళో పెట్టి, తనూ అందులోనే చెయ్యి పెట్టి తిన్నాడు. ఆ మనిషి మీద నాకెంత కోపమున్నా ఆ పొట్లం మాత్రం మర్చిపోలేను.

ఆసుపత్రి వసారా నిండా మనుషులు. అంతమంది ఆడవాళ్ళు ఉన్నచోట నగల గురించి, చీరెల గురించి, పిల్లల గురించి మాటలుండాలి కదా. అక్కడ మాటే లేదు. అందరి చేతులూ పైట కిందనే ఉన్నాయి. ఒకరి చేతుల వైపు ఒకరం చూడకుండా గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాం. పిలుపు కోసం పొద్దుననగా కూర్చుంటే ఎండ వసారాలో నుంచి జరిగి జరిగి అవతలి గోడెక్కింది. పిలిస్తే ఏం చెప్తారో అని భయం, పిలవకపోతే ఇంకా భయం.

డాక్టరమ్మ నా కళ్ళు మూయించింది. దూదిపింజతో తాకుతాను, తాకిన చోట వేలు పెట్టి చూపించమంది. నేను మొండిదాన్ని కదా, తెలిసినట్టు నటిద్దామనుకున్నాను. ఊహించి అక్కడా ఇక్కడా చూపించాను. చివరికి ఆమె, "నేను తాకడం ఆపేసి చాలాసేపైందమ్మా" అంది. అప్పుడు కళ్ళు తెరిచి ఏడ్చాను. అప్పటిదాకా ఒక్కసారి కూడా ఏడవలేదు.

మాత్రలతో జబ్బు నయమవుతుందంది, కానీ ఏళ్ళు పడుతుందంది. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చంది. "ఇకనుంచి వంట మానెయ్. పొయ్యి దగ్గరికి పోవద్దు."

నా నోరు ఊరుకోలేదు. "మీకొచ్చిందా ఈ జబ్బు?"

ఆమె చెంపలు వేసుకోలేదు. నవ్వింది. "రాలేదు. వచ్చినవాళ్ళ చేతులు మాత్రం రోజూ చూస్తున్నాను." ఆ జవాబుకు నేను ఒక మెట్టు దిగాను. ఒక్క మెట్టే.

చేతి పుండు మానేదాకా అక్కడే ఉండమన్నారు. ఆ పుండు తర్వాత ఇంకోటి, దాని తర్వాత జ్వరాలు, అలా అరవై, అరవై ఒకటి అక్కడే గడిచాయి. నా పక్క మంచం మార్తమ్మది. నెల్లూరులోనే దోసెలు పోసి అమ్ముకునేది. సాయంత్రం ప్రార్థన చేసుకునేటప్పుడు రెండు చేతులూ జోడించేది. ఆ చేతులకు వేళ్ళు లేవు, మొదళ్ళున్నాయంతే. మొదటిరోజు చూడలేక ముఖం తిప్పుకున్నాను. ఆమె గమనించి నా మంచం మీదకే వచ్చి కూర్చుంది.

"ఇట్ట తిరుగు రమణమ్మా. నేను నీకు సలహా చెప్పేదానికి రాలా. నా చేతులు చూడు. అంతే."

చూశాను.

"పెనం తగలతా ఉంటే జనం చెప్పినారు, కాలతాది మార్తమ్మా, జాగర్త అని. కాలితే నాకు తెలియదా అన్నా. నా ఒళ్ళు నాకంటే మీకెక్కువ తెలుసా అన్నా. ఒళ్ళు అబద్ధం చెప్తా ఉండాదని నాకేం తెలుసు?"

నేనూ అదే మనిషిని. చిన్నప్పటి నుంచి ఎవరేం చెప్పినా వినకుండా, తగిలితేనే తెలుసుకునేదాన్ని. కాలితే కాలిందని, కుడితే కుట్టిందని నా ఒళ్ళే నాకు చెప్పేది. ఇప్పుడు అదే మూగబోయింది. స్వానుభవం గొప్పదని వాదించడానికి నా దగ్గర ఆ అనుభవమే లేకుండా పోయింది. పడ్డవాళ్ళ అనుభవం చూసి నేర్చుకోవడం ఒక్కటే మిగిలింది, పడనివాళ్ళ మాటలు మాత్రం అప్పుడూ వినదలచుకోలేదు.

మార్తమ్మ నాకు చేతులు చూసుకోవడం నేర్పింది. రోజూ సాయంత్రం వెలుతురు ఉండగానే కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యి తిప్పి, వేళ్ళ సందులు విప్పి, గోళ్ళ చుట్టూ చూసుకోవాలి. ఎర్రబడిందా, కమిలిందా, ముల్లు దిగిందా. ఒకరి చెయ్యి ఒకరం చూసేవాళ్ళం. బదులుగా నేను ఆమెకు తల దువ్వి జడ వేసేదాన్ని. "నా తల్లి పోయినాక నాకు జడేసినదానివి నువ్వే" అనేది. ఆమె కోసం ఎప్పుడూ ఎవరూ రాలేదు.

మధ్యలో ఒళ్ళంతా ఎర్రటి గడ్డలు లేచి, జ్వరమొచ్చి, మోచెయ్యి నరం తెగిపోతున్నంత నొప్పి పుట్టింది. జబ్బులో ఇలా అవుతుందని డాక్టరమ్మ చెప్పింది, వేరే మందులిచ్చింది, పాత మాత్రలు మాత్రం ఆపొద్దంది. ఆ వారం ఆయన చూడ్డానికొచ్చాడు. ఇంట్లోవాళ్ళ మాట మోసుకొచ్చాడు. "ఆ మాత్రల వల్లే ఇట్ట అయ్యిందంట. మానెయ్యమంటా ఉండారు." నాకూ అలాగే అనిపించింది. నా ఒళ్ళు కూడా అదే చెప్పింది, మింగింది నేను, లేచింది గడ్డలు. ఆ రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని మార్తమ్మను అడిగాను.

"అక్కా, నీకిట్ట వచ్చిందా?"

"వచ్చింది. భయపడి మాత్రలు మానేసినా. ఇంటికి పారిపొయినా." దుప్పటి కింద నుంచి చేతులు తీసి చూపించింది.

మాత్ర మింగాను.

జ్వరాలు తగ్గాక ఆయన ఒకసారి పెంచలను తీసుకొచ్చాడు, గేటు దాకానే. పిల్ల ఆయన పంచె వెనక నుంచి నన్ను తొంగి చూసింది. ఎవరో కొత్తామెను చూసినట్టు చూసింది. ఆయన నేల చూస్తూ అన్నాడు. "సంబంధం మాట మళ్ళీ తెచ్చినాడు చిన్నాయన. అందరూ అంటా ఉండారు..."

"అందరి మాట నాకు తెలుసులే. నువ్వేమంటావు?"

గేటు ఊచలు పట్టుకుని నేనే మాట్లాడాను. "విను. నేను చావను. మాత్రలు మింగతా, నయం చేసుకుంటా, నా ఇంటికొస్తా, నా పొయ్యి కాడ కూచుంటా. నువ్వు ఇంకొకామెను తెచ్చుకుంటే తెచ్చుకో. ఆమెకు గంజి వార్చేది నేనే నేర్పిస్తా. గుడ్డ పట్టుకోమని మొదట్రోజే చెప్తా."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకొకామె రాలేదు. ఆయన ఎవరితో ఏం చెప్పాడో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఆ తర్వాత నేను ఆసుపత్రి వంటింట్లో దూరడం మొదలుపెట్టాను. పట్టకారు ఎడమచేత్తో పట్టాను. మసిగుడ్డ రెండు మడతలు వేశాను. కుడిచెయ్యి పెట్టేముందు ఎడమ మోచేత్తో సెగ చూసుకున్నాను. నా వేళ్ళు చెయ్యాల్సిన పని కళ్ళకు అప్పగించాను. డాక్టరమ్మ చూసి మండిపడింది. "పొయ్యి దగ్గరికి పోవద్దన్నానా లేదా?"

"అన్నారమ్మా. కానీ నేను పోయేది ఇంటికి. అక్కడుండేది పొయ్యి. మీరు అక్కడికొచ్చి వండి పెడతారా?"

"సరే, అయితే నా కళ్ళముందు చెయ్యి" అని స్టూలు లాక్కుని కూర్చుంది. నేను సట్టి దించాను. ఆ పూట చేతుల మీద ఒక్క మచ్చ పడలేదు.

అరవై మూడులో, వానలు ఇంకా మొదలు కాకముందు, నావల్ల ఇంక ఎవరికీ భయం లేదని చెప్పి పంపించారు. మార్తమ్మ వాకిలి దాకా వచ్చింది. "చేతులు చూసుకో మే" అంది.

ఇంటికొస్తే మా అత్త గడపలో అడ్డంగా నిలబడి ఉంది. ముసలిదైపోయింది. "డాక్టర్లకేం, ఎన్నైనా చెప్తారు. కొట్టం ఊడ్పించినా. ఆడ ఉండు" అంది. ఆయన ఏదో అనబోయాడు. నేను వద్దన్నాను. ఇది ఆయన మాటతో తేలే సంగతి కాదు. మూడు ఇటికరాళ్ళు తెచ్చి, పంచలోనే, అందరికీ కనబడేచోట పొయ్యి పెట్టాను. పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, బియ్యం కడిగి పోశాను. వీధిలో పోయేవాళ్ళు నిలబడి చూశారు. చూడనీ అనుకున్నాను. మా అత్త లోపల వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.

అన్నం వార్చి, పప్పు తాలింపు వేసేసరికి పెంచల వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. దగ్గరికి పోవద్దని నాలుగేళ్ళు చెప్పి పెంచిన పిల్ల. స్తంభం పట్టుకుని నిలబడింది. నేను పిలవలేదు. పిలిచి, అది రాకపోతే తట్టుకోలేనని నాకు తెలుసు. కంచంలో అన్నం పెట్టుకుని, గరిటె ఉన్నా ముట్టుకోకుండా, నా కుడిచేత్తో కలపడం మొదలుపెట్టాను. పప్పు వాసనకో మరెందుకో పిల్ల ఒక్కో అడుగు జరిగి జరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పెంచలా, లెయ్యి ఆడనుంచి!" అంది మా అత్త లోపల నుంచి.

"ఆకలేస్తా ఉండాది అవ్వా" అంది పిల్ల, కదలకుండా.

ముద్ద చేశాను. ఎడమ మణికట్టుకు తాకించి చూసుకున్నాను. అయినా నమ్మకం లేదు. పాత కేక నా చెవుల్లోనే ఉంది. ముద్ద దాని పెదాల దాకా తీసుకెళ్ళి ఆపాను. "నువ్వు చూసి చెప్పమ్మా. నా చేతికి తెలియదు."

అది పెదవి ఆనించింది. "ఇంకా కాల్తా ఉండాది. ఊదు."

ఊదాను. మళ్ళీ ఆనించింది. నోరు తెరిచింది. నా బిడ్డ నా చేతి ముద్ద తింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషమొచ్చింది, వీధిలో నిలబడ్డవాళ్ళందరినీ తిట్టాలనిపించింది. "ఇంకా పెట్టు" అంది పెంచల. ఆ సంబరంలో నేను ఆసుపత్రిలో నేర్చుకున్నదంతా మర్చిపోయాను. పిల్లకు ఇంకాస్త పప్పు వెయ్యాలని, పొయ్యి మీదున్న పప్పుసట్టి మీదికి వట్టి కుడిచెయ్యి చాపాను.

"గుడ్డ! గుడ్డ తీసుకోవే, చెయ్యి కాలతాది!"

మా అత్త కేక అది. పీట మీద నుంచి లేచి, గడప దాటి వచ్చి, తన చేతిలోని మసిగుడ్డ నా మీదికి విసిరింది. నా చెయ్యి సట్టికి జానెడు దూరంలో ఆగింది. అందరినీ పిలిచి చూపించిన ఆ చేతికి ఆమె గుడ్డ ఇవ్వడం అదే మొదటిసారి. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. నేను గుడ్డ మడతపెట్టి సట్టి దించాను.

పంచలో పొయ్యి వానలు పడేదాకా అక్కడే ఉంది. చినుకులు మొదలైన రోజు "అన్నం తడుస్తా ఉండాది, లోపలికి తెచ్చుకో" అంది మా అత్త. వంటింట్లోకి వెళ్ళాను. ఇప్పటిదాకా అక్కడే ఉన్నాను. పెంచల పెద్దదైంది, ముద్దలు పెట్టే వయసు దాటిపోయింది. ఆసుపత్రి మాత్రలు అయిపోయాయి. చెయ్యి మాత్రం అలాగే ఉంది, చచ్చినట్టే ఉంది, రోజూ సాయంత్రం తిప్పి చూసుకుంటాను.

మా అత్త మారిపోయిందని ఎవరూ అనుకోవద్దు. వంకాయ తినొద్దంటుంది, తింటాను. చేపల పులుసు ఒంటికి పడదంటుంది, రెండుసార్లు వడ్డించుకుంటాను. పెళ్ళిళ్ళకు పోయి నలుగుర్లో కూర్చోవద్దంటుంది, ముందు వరసలో కూర్చుంటాను. కానీ నేను పొయ్యి వైపు వంగితే చాలు, ఇంట్లో ఏ మూలనున్నా సరే, "గుడ్డ!" అని కేక పెడుతుంది. ఆమె చెప్పే సలహాలన్నిటిలో నేను వినేది అదొక్కటే.